నీడవైపు నడిచే మావ

మెట్రో దిగి భవానీపూర్‌లో నేను పనిచేసే మందుల కొట్టుకి నడిచేటప్పుడు రోడ్డుని ఒకసారి అటు, ఒకసారి ఇటు దాటుతుంటాను. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం ఇంకో పక్క. మా కొట్లో పనిచేసే బెంగాలీ పిల్ల కొన్నాళ్ళు చూసి చూసి, "దీదీ, ఎవరినుంచి తప్పించుకు తిరుగుతున్నావు?" అని అడిగింది. ఎండనుంచి అన్నాను. ఆ అలవాటు నాది కాదు. ఖిదిర్‌పూర్ డాక్ లైన్లలో, అంటే ఓడరేవు కూలీల గదుల వరసల్లో, మా పక్క గదిలో ఉండే గొడుగు మావది. ఎటు నీడుంటే అటు నడిచేవాడు. నీడ కోసం చుట్టూ తిరిగి వెళ్ళడానికైనా సిద్ధమే.

పోయిన వారం మా తమ్ముడు ఫోన్ చేసి మావ పోయాడని చెప్పాడు. వాడింకా ఆ చుట్టుపక్కలే ఉంటున్నాడు. నాకు చాలా బాధేసింది. అయినా నా నోటినుంచి వచ్చిన మొదటి మాట మాత్రం, "వయసెంతరా?" అని. వాడు అంత దుఃఖంలోనూ నవ్వాడు.

"ఏ వయసు సెప్పమంతావక్కా? ఆఫీసోళ్ళదా, ఆళ్ళమ్మదా?"

సర్టిఫికెట్ రాయడానికి వచ్చిన డాక్టరు కూడా ఇదే అడిగాడట. వీడు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేలోగా మావ భార్య, మా అత్త, జవాబు చెప్పేసిందట. ఆవిడ ఏం చెప్పిందో ఇప్పుడే చెప్పేస్తే మీకు సగమే అర్థమవుతుంది. ముందు మావ చర్మం సంగతి చెప్పాలి.

మావకి రెండు వయసులు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరినుంచి కలకత్తా వచ్చిన మా వాళ్ళందరిలాగే ఆయనకీ పుట్టిన తేదీ తెలీదు. వాళ్ళమ్మకి తెలుసు. గాలివానకి ఇంటికప్పు ఎగిరిపోయిన ఏడు పుట్టాడని ఆవిడ లెక్క. ఆ లెక్క డాక్ ఆఫీసులో చెల్లదు. అక్కడ డాక్టరు కొత్తగా చేరేవాళ్ళని వరసగా నిలబెట్టి, పళ్ళు చూసి, మీసం చూసి వయసు వేసేవాడట, సంతలో ఎడ్లకి వేసినట్టు. మావకి అప్పటికే పెళ్ళయింది. కానీ తల్లి పెట్టిన నలుగుల పుణ్యమో ఏమో, ఒళ్ళు చూస్తే పసివాడే. డాక్టరు తొమ్మిదేళ్ళు తీసి పారేశాడు. లైన్లో అందరూ అదృష్టమంటే వాడిదే అన్నారు. వయసు తగ్గితే నౌకరీ పెరుగుతుంది. నౌకరీ ఉన్నన్నాళ్ళూ గది ఉంటుంది.

అయితే ఇచ్చిన వయసుని నిలబెట్టుకోవడం ఒక పని. మా లైన్లోనే ఇలా వయసు తగ్గినవాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉండేవారు. వాళ్ళు బీడీలు కాల్చి, ఎండలో బస్తాలు మోసి, తొందరగా ముడతలు తెచ్చుకుని, ఆఫీసువాళ్ళు గట్టిగా అడిగేసరికి నిజం ఒప్పేసుకుని ఊరెళ్ళిపోయారు. మావకి ఊళ్ళో సెంటు భూమి లేదు. వెనక్కి వెళ్ళే దారి లేనివాడు కాబట్టి ఆయన ముసలివాడు కాకూడదని నిశ్చయించుకున్నాడు.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా పొద్దున కుళాయి దగ్గర జరిగే వేడుక. చుట్టూ మగాళ్ళందరూ ఒంటికి ఆవనూనె పామేసుకుని, రెండు బకెట్లు గుమ్మరించుకుని వెళ్ళిపోయేవారు. మావ మాత్రం చెక్కపీట వేసుకుని కూర్చునేవాడు. అత్త వెనకాల నిలబడి నువ్వుల నూనె పట్టించేది. ఊరినుంచి ఎవరు రైలెక్కినా వాళ్ళ సంచిలో మావ నూనె సీసా ఉండేది. తరవాత శనగపిండి, చిటికెడు పసుపు. దాన్ని కిందినుంచి పైకే రుద్దాలి. మెడ దగ్గర అత్త చెయ్యి పొరపాటున కిందికి జారితే, "పైకే, పైకే" అని కళ్ళు మూసుకునే అరిచేవాడు. మా అమ్మ బిందె పట్టుకుని ఎదురుచూస్తూ, "రోజూ పెళ్ళేనేటి అన్నియ్యా?" అని దెప్పేది.

"ఒక్కసారి సేసుకున్న పెళ్ళే గదమ్మా, రోజూ కొత్తగా ఉండాలి," అనేవాడు మావ.

స్నానమయ్యాక తువ్వాలుతో రుద్దుకోడు, ఒత్తుకుంటాడు. ఒళ్ళు తడిగా ఉండగానే అరచేతిలో నాలుగు చుక్కల నూనె వేసుకుని మోచేతులకీ, చెవుల వెనకా, మెడకీ రాసుకుంటాడు. ఆరాక రాస్తే నూనె చర్మం మీద కూర్చుంటుందట, తడి మీద రాస్తే లోపలికి దిగుతుందట. చలికాలంలో కలకత్తా అంతా ఆకుపచ్చ ట్యూబు క్రీము రాసుకు తిరుగుతుంటే, మావ వేన్నీళ్ళు మొహానికి తగలనిచ్చేవాడు కాదు. బీడీ లేదు, కిళ్ళీ లేదు, ఖైనీ లేదు. ఓడలోంచి సిమెంటు దిగినా సోడా దిగినా, అందరూ టీ కొట్టుకి పరిగెడితే ఈయన నీళ్ళ దగ్గరికి పరిగెత్తేవాడు. దుమ్ము ఒంటిమీద ఆరకముందే కడిగెయ్యాలి. పడుకోవడం వెల్లకిలా. పక్కకి తిరిగి పడుకుంటే చెంప మడతపడుతుందని ఎవరు చెప్పారో తెలీదు, నేనడిగితే దిండునే అడగమన్నాడు.

అన్నిటికన్నా విచిత్రం ఆయన కోపం. నుదురు ముడిపడనిచ్చేవాడు కాదు. ఎవరితోనైనా తగువొస్తే మొహం పళ్ళెంలా నున్నగా ఉంచుకుని చేతులతో పోట్లాడేవాడు. కుళాయి దగ్గర ఒకసారి ఒకడు ఈయన బకెట్ తన్నేశాడు. మావ చెయ్యి గాల్లో గింగిరాలు తిరుగుతోంది, నోట్లోంచి బండబూతులు వస్తున్నాయి, మొహం మాత్రం దేవుడి పటంలా ప్రశాంతంగా ఉంది. అవతలివాడికి ఏది నమ్మాలో తెలియక వెళ్ళిపోయాడు. నవ్వు కూడా అంతే, పెదవులతో సరి. కళ్ళదాకా రానివ్వడు.

ఇక గొడుగు. యూనియన్ ఊరేగింపు మైదాన్‌కి బయల్దేరితే దారంతా ఎర్రజెండాలు, ఆ ఎర్రటి మధ్యలో ఒక నల్ల గొడుగు. పిడికిలి ఎత్తాల్సివచ్చినప్పుడు గొడుగే ఎత్తేవాడు. యూనియన్ దాదా ఒకాయన వేళాకోళం చేశాడట, "కీ మావ, ఛాతా మాథాయ్ బిప్లబ్ హొబే?" అని. గొడుగేసుకుంటే విప్లవం వస్తుందా అని.

"ఒత్తాది దాదా. అది ఒచ్చేదాకా మొకం ఉండాల గదా," అన్నాడట మావ. ఆ మాట యూనియన్ ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారు.

పదమూడో ఏట నా మొహం నిండా మొటిమలు. బడికెళ్ళనని మొండికేశాను. మా అమ్మ రెండు దెబ్బలేసి మావ దగ్గరికి పంపింది. ఆయన నన్ను వెలుతురులోకి తిప్పి, అటూ ఇటూ చూసి, మొహం సంగతి వదిలేసి నా చేతులు చూపించమన్నాడు.

"గోళ్ళు తీసీ. గిల్లకు. నూనె నీకొద్దు, నీ మొకంలోనే బోల్డంతుంది. ఒట్టి పిండి సాలు. మల్లా ఒక మాట ఇను గుంటా. మొకం అబద్దమాడీగల్దు. మెడా సేతులూ ఆడలేవు. ఎవుల వయసు తెలాలన్నా మెడ సూడు, సేతులు సూడు."

ఆ రోజునుంచి నాకు జనాల మెడలు చూసే జబ్బు పట్టుకుంది. ట్రాములో, బజారులో, రేషన్ కొట్టు దగ్గర, అందరి మెడలూ చూసేదాన్ని. ఇప్పుడు క్రీములు అమ్ముతూ కూడా అదే పని. మావ మెడ కూడా చూశాను, నున్నగా ఉంది. అప్పుడే మొదటిసారి అత్త మెడ చూశాను.

అత్త మావకన్నా ఏడేళ్ళు చిన్నది. ఇది నిజం వయసుల లెక్కే. పెళ్ళిలో చూసినవాళ్ళు ఈడూ జోడూ బాగా కుదిరిందని మెచ్చుకున్నారని మా అమ్మ చెప్పేది. పొద్దున మావ వీపు రుద్దాక, ఆయన మిగిల్చిన నీళ్ళు తను పోసుకుని, బొగ్గుల పొయ్యి ఎత్తుకుని డాక్ గేటు పక్కకి వెళ్ళిపోయేది. అక్కడ గారెలు, బజ్జీలు వేసేది. బెంగాలీ కూలీలు 'తేలే భాజా మాసీ', అంటే బజ్జీల పిన్ని, అనేవారు. పడమటి ఎండంతా ఆవిడ మీదే పడేది. ఎండ పోతే పొగ, పొగ పోతే కాగే నూనె చిటపటలు. ఇంట్లో గొడుగు ఒక్కటే, అది మావతో ఓడ దగ్గరికి వెళ్ళేది. జుట్టు తొందరగా తెల్లబడింది, ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి, నడుం ముందుకి వంగింది. చేతుల మీద కాలిన మచ్చలు ఇన్నని చెప్పలేం. కొత్తగా లైన్లోకి వచ్చినవాళ్ళు మావ అక్కగారా అని అడిగేవారు. అత్త నవ్వేసేది. మావ వినిపించుకోనట్టు మెడకి నూనె రాసుకునేవాడు.

ఒకసారి నేనే అడిగాను, "నువ్వూ కాస్త పిండి రాసుకోవచ్చు కదత్తా?"

"నా మొకం సూసి ఎవులైనా జీతమిత్తారేటే?" అంది. అప్పుడే మావకున్న రెండు వయసుల సంగతి నాకు చెప్పింది. చెప్పి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుంది. నేను అనలేదు. కానీ లైన్లో అందరికీ తెలిసిన రహస్యం అది.

అందరికీ తెలిస్తే ఆఫీసుకి తెలీకుండా ఎలా ఉంటుంది? నేను కొట్లో పనికి కుదిరిన కొత్తలో ఎవరో అధికారి చెవిలో ఊదారు. వయసు తేల్చడానికి డాక్టరు ముందుకి రమ్మని మావకి కబురొచ్చింది. తేడా తేలితే ఆ నెలతోనే ఇంటికి. గది ఖాళీ చెయ్యాలి. అత్త పొయ్యి కూడా ఆ గదినే నమ్ముకుని ఉంది. బొగ్గులు, పప్పు నానబెట్టే గంగాళాలు, రుబ్బురోలు అన్నీ ఆ గది ముందే. "గది పోతే ఎక్కడికెల్తామే?" అని అత్త మా గుమ్మంలో కూర్చుంది. డాక్టరు ఏమైనా ఇంగ్లీషులో అంటే అర్థం చెప్పడానికి నన్ను తోడు రమ్మంది. నేను సగంరోజు సెలవు పెట్టాను.

ఆ వారమంతా మావ వయసుతో కుస్తీ పట్టాడు. పొద్దునా సాయంత్రమూ నలుగు. మీసంలో రెండు తెల్లవెంట్రుకలుంటే మీసమే తీసేశాడు. ఆసుపత్రికి వెళ్ళిన పొద్దున చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే మొహం. పక్కన అత్త, పప్పు రుబ్బి రుబ్బి మధ్యలో లేచి వచ్చినట్టు, నలిగిన చీర, చేతిలో టిఫిను డబ్బా.

డాక్టరు పెద్దాయన, మర్యాదస్తుడు. కంగారు పడలేదు. పళ్ళు చూశాడు, మెడ చూశాడు, చేతులు తిప్పి చూశాడు. మావ చెప్పిన చోట్లే చూస్తున్నాడని నాకు లోపల గర్వంగా కూడా ఉంది. తరవాత కళ్ళు చూశాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. మోకాళ్ళు వంచమన్నాడు. వంచుతుంటే టక్కుమని చప్పుడయింది. డాక్టరు కలం పక్కన పెట్టి, చర్మం ఒకటి చెప్తోంది, కళ్ళు ఇంకోటి చెప్తున్నాయి అన్నాడు నాతో. కళ్ళకి నలుగు పెట్టలేం కదా.

అప్పుడాయన చూపు గుమ్మంలో నిలబడ్డ అత్త మీద పడింది. తెల్ల జుట్టు, వంగిన నడుం, బోసి నవ్వు.

"ఉని కే? ఆప్నార్ మా?" అని అడిగాడు మావని. ఎవరావిడ, మీ అమ్మా అని.

మావ నోరు తెరిచాడు. అందులోంచి ఏ మాట వచ్చినా ప్రమాదమే. భార్య అంటే లెక్క మొత్తం తిరగబడుతుంది. నేను నేలకేసి చూశాను. అత్త గొంతు వినిపించింది. గేటు దగ్గర ఇన్నేళ్ళు బజ్జీలమ్మి నేర్చుకున్న బెంగాలీ.

"హ్యాఁ బాబా. ఆమార్ ఛేలే."

అవును బాబూ, నా కొడుకు.

మా వాళ్ళలో మొగుడి పేరు పలకడానికే ఆడది పది వంకలు తిరుగుతుంది. మెడలో పుస్తెలు పెట్టుకుని ఆ మాట ఎలా అందో నాకు ఈరోజుకీ తెలీదు. డాక్టరు ఆవిడ మొహాన్ని ఓసారి పరకాయించి చూశాడు, మావ మొహం చూశాడు, తల్లి ఈ వయసులో ఉంటే కొడుకు ఆఫీసు వయసుకన్నా పెద్దవాడెలా అవుతాడని ఆయన మనసులో లెక్క కుదిరిపోయినట్టుంది. కలం తీసి రాసేశాడు. "మాసీమా, భాలో థాక్‌బేన్," అని, పిన్నిగారూ బాగుండండని, అత్తకి నమస్కారం కూడా పెట్టాడు.

బయటికొచ్చాం. నౌకరీ నిలిచింది, గది నిలిచింది. రోడ్డుకి ఒక పక్క నీడ ఉంది. మావ ఆ పక్కకి పోలేదు. గొడుగు తెరిచి అత్త చేతిలో పెట్టి, తను ఎండలో నడిచాడు. ట్రాము ఆగేచోటికి వచ్చాక అడిగాడు.

"ఎందుకలాగ అన్నావే?"

"ఆడికి అలాగ అగుపించినాను. కాదని గది పోగొట్టుకోమంతావా?" అంది అత్త. ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "అమ్మంటే తప్పేటి మావా? రోజూ నూనె రాసి, నలుగెట్టి, నీల్లోసింది నానే గదా."

నవ్వించాలనే అంది. మావ నవ్వలేదు. అప్పుడు చూశాను, ఆయన నుదురు ముడిపడింది. మూడు గీతలు పడ్డాయి. అవి ఎప్పటినుంచో లోపల ఉన్నట్టున్నాయి, ఆ రోజుదాకా ఆయన బయటికి రానివ్వలేదంతే. నాకు ఏడుపొచ్చింది. ట్రాము వచ్చింది కాబట్టి ఎక్కేశాం.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర చెక్కపీట మీద అత్త కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అనడం తప్పు, కూర్చోబెట్టబడి ఉంది. మావ ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నూనె పట్టిస్తున్నాడు, కాలిన మచ్చ దగ్గరకొచ్చినప్పుడల్లా ఆగి, వేలితో మెల్లగా పైకి రాస్తున్నాడు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు పమిటలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

"సిగ్గు నేదేటి, ఒగ్గీ. పప్పు నానిపోతంది," అని అత్త గింజుకుంటోంది.

"పప్పు నానే రుబ్బినాను పొద్దున్నే. కదలకు," అన్నాడు మావ.

డ్యూటీ లేనప్పుడల్లా పొయ్యి దగ్గర ఆయనే కూర్చోవడం మొదలుపెట్టాడు. అత్తని పక్కన గొడుగు కింద కూర్చోబెట్టేవాడు, చిల్లర తీసుకోవడానికి. మావ బజ్జీలు మొదట్లో మాడిపోయేవి, కూలీలు తిట్టుకుంటూనే తిన్నారు. పొగకి కళ్ళు చికిలించేవాడు, చికిలిస్తే పడే గీతల్ని ఇక పట్టించుకోలేదు. యూనియన్ దాదా అటుగా వెళ్తూ, "మావ, ఛాతా కోథాయ్?" అని, గొడుగేదని అడిగితే, గరిటెతో అత్తకేసి చూపించేవాడు.

ఇక చూస్తుండగానే ముసలివాడయ్యాడు. ఆపి ఉంచిన ఏళ్ళన్నీ కలిసి ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఆఫీసువాళ్ళు మళ్ళీ పిలుస్తారేమోనని మాకు భయం వేసేది, కానీ ఒకసారి డాక్టరు రాశాక ఎవరూ పిలవలేదు. ఆఫీసు వయసు నిండేదాకా పనిచేసి, దండ వేయించుకుని, లైన్ల వెనకాల గది తీసుకున్నాడు. ఆ తరవాత ఒక చలికాలం నేను చూడ్డానికి వెళ్ళాను. ఎండలో చాప మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మావ మెడ ముడతలు పడిపోయింది. అత్త చేతులు మెత్తబడ్డాయి, మచ్చలు తేలికయ్యాయి, చెంపల్లో కాస్త నిగారింపు కూడా వచ్చింది. నా మొహంలో ఆశ్చర్యం మావ కనిపెట్టాడు.

"సూత్తన్నావేటి గుంటా? నాను దిగినాను, ఇది ఎక్కింది," అన్నాడు. ఈసారి నవ్వు కళ్ళదాకా వచ్చింది. కళ్ళ పక్కన బోలెడన్ని గీతలు పడ్డాయి, అవి ఆయనకి బాగున్నాయి.

కొట్లో ఆడవాళ్ళు వచ్చి వయసు కనపడకుండా చేసే క్రీము అడుగుతారు. ఇస్తాను. తడి మీద రాసుకోండి, మెడ మర్చిపోకండి, పైకే రుద్దండి, ఎండలో గొడుగు పట్టుకోండి అని చెప్తాను. ఇదంతా నిజమే, పనిచేస్తుంది, మావని కళ్ళారా చూశాను. ఒళ్ళు చేతికందనిచోట ఎవరు రాస్తారని మాత్రం అడగాలనిపిస్తుంది. అడగను. కొట్లో వరస పెరిగిపోతుంది.

తమ్ముడు ఫోన్లో చెప్పిన సంగతి ఇది. సర్టిఫికెట్ రాయడానికొచ్చిన కుర్ర డాక్టరు వయసెంత అని అడిగాడు. వీడు ఆఫీసు వయసు చెప్పాలా, తల్లి లెక్క చెప్పాలా అని తడబడుతుంటే, మావ తల దగ్గర కూర్చున్న అత్త, ఆయన నుదుటి మీదినుంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"నా ఈడే బాబూ. రాసుకో."

డాక్టరు ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, అలాగే రాసుకున్నాడట.